ఒంటరిగా మిగిలిన హీటరు, చెమ్మెక్కిన చిమ్నీ

ప్రశ్న: మాది ఎనభై ఏళ్ల నాటి ఇల్లు. బయటి గోడకు ఆనుకుని ఇటుక చిమ్నీ ఉంది. సెల్లార్‌లోని గ్యాస్ బాయిలరు, నీళ్ల హీటరు రెండిటి పొగా అందులోంచే పోయేది. మూడేళ్ల కిందట పాత బాయిలర్ తీసేసి, పొగలోని వేడిని కూడా వాడుకునే కండెన్సింగ్ రకం పెట్టించాం. దాని పొగ ప్లాస్టిక్ పైపులో పక్క గోడలోంచి బయటికి పోతుంది. చిమ్నీకి ఇప్పుడు నీళ్ల హీటరొక్కటే మిగిలింది. రెండు చలికాలాలుగా అటకలో చిమ్నీ ఇటుకల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. పైగదిలో చిమ్నీ వైపు గోడకు గోధుమరంగు మరక వచ్చింది. మసి తీసే చిన్న తలుపు తెరిస్తే లోపలి మట్టి గొట్టాల పెంకులు రాలి ఉన్నాయి. చిమ్నీ లోపలి కొలత 8 అంగుళాలకు 12. పనివాళ్లను పిలిస్తే ఒకరు అల్యూమినియం లైనరు (చిమ్నీ లోపల దింపే గొట్టం) వేయాలన్నారు, ఒకరు స్టెయిన్‌లెస్ స్టీలు అన్నారు, ఇంకొకరు లోపలంతా సిమెంటుతో పోత పోయాలన్నారు. పైకప్పు పనిచేసే ఆయనేమో బయట సిలికాన్ కొట్టేస్తే సరిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి? ఆలస్యం చేస్తే ప్రమాదమా?

సమాధానం:

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు మీరు ఈ సాయంత్రమే తెలుసుకోవచ్చు. ఇంటి కిటికీలు, తలుపులు అన్నీ మూసేయండి. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను, బాత్రూమ్ ఫ్యాన్లు, బట్టలారబెట్టే యంత్రం అన్నీ ఒకేసారి ఆన్ చేయండి. తర్వాత వేడినీళ్ల కుళాయి తిప్పి హీటరు బర్నరు వెలిగేలా చూడండి. ఐదు నిమిషాలు ఆగి, హీటరు నెత్తిన గొడుగులా ఉండే రేకు అంచు దగ్గర ఒక అగరొత్తి పట్టుకోండి. ఆ రేకును డ్రాఫ్ట్ హుడ్ అంటారు. అగరొత్తి పొగ హుడ్ లోపలికి పోతే చిమ్నీ ఇంకా లాగుతున్నట్టు. పొగ మీ ముఖం మీదికి వస్తే హీటరు గ్యాస్ వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, గ్యాస్ టెక్నీషియన్‌ను పిలవండి. అది బాగయ్యేదాకా నీళ్లు పొయ్యి మీద కాచుకోండి.

అగరొత్తి లేకుండా కూడా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ట్యాంకు పైకప్పు మీద హుడ్ చుట్టూ తుప్పు పట్టిందా చూడండి. చన్నీళ్లు, వేడినీళ్ల గొట్టాలు ట్యాంకులో దిగేచోట ఉండే ప్లాస్టిక్ రింగులు కరిగి వంకరపోయాయా చూడండి. వేడిపొగ పైకి పోకుండా ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తన్నిందనడానికి ఇవి సాక్ష్యాలు. పడుకునే గదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. ఈ విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌కన్నా దీన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ తలనొప్పి, వికారం ఉండి బయటికి వెళ్తే తగ్గుతుంటే జలుబని సరిపెట్టుకోకండి.

పరీక్షలో పొగ లోపలికే పోయిందనుకుందాం. అప్పుడు ఇవాళ్టికి ప్రాణభయం లేదు. అలాగని వచ్చే చలికాలం దాకా వాయిదా వేసే పని కూడా కాదిది. రాలిన పెంకులు కింద పోగుపడి హీటరు పైపు నోరు మూసేస్తే ఇవాళ లాగుతున్న చిమ్నీ రేపు లాగదు. ఆ చిన్న తలుపు తెరిచి, చేతికందినంత చెత్త ముందు మీరే తీసేయండి.

ఇక అసలు జబ్బు సంగతి. చిమ్నీలోకి నీళ్లు వానతోనే వస్తాయని చాలామంది అనుకుంటారు. మీ పైకప్పు ఆయన కూడా అలాగే అనుకున్నారు. గ్యాసు కాలితే నీళ్లు పుడతాయి. గ్యాసులో ముఖ్యభాగమైన మీథేన్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. ఒక కిలో మీథేన్ కాలితే రెండుంపావు కిలోల నీరు వస్తుంది. గ్యాస్ మీటరు లెక్కలో చెప్పాలంటే ఘనపు మీటరుకు దాదాపు లీటరున్నర. రోజుకు రెండు ఘనపు మీటర్లు కాల్చే హీటరు మూడు లీటర్ల నీటిని ఆవిరి రూపంలో చిమ్నీలోకి పంపుతుంది. గొట్టం వేడిగా ఉంటే అదంతా ఆవిరిగానే పైనుంచి వెళ్లిపోతుంది. గొట్టం గోడ 55 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. హుడ్ దగ్గర గదిగాలి కలిసి పలచబడ్డాక ఈ అంకె మరికాస్త దిగుతుంది, కానీ చలికాలంలో బయటి గోడ మీదున్న ఇటుక ఆ వేడిని కూడా ఎక్కడ నిలుపుకుంటుంది?

పాత బాయిలరు ఇన్నేళ్లూ చేసిన మేలు ఇదే. అది గ్యాసును దుబారా చేసేది నిజమే. ఆ దుబారా వేడే చిమ్నీని చలికాలమంతా వెచ్చగా ఉంచి, పక్కనున్న చిన్న హీటరు పొగను కూడా తనతో లాక్కుపోయేది. దాన్ని తీసేశాక అంత పెద్ద ఇటుక గొట్టాన్ని హీటరు ఒక్కటే వేడెక్కించాలి. రోజుకు కొన్నిసార్లు వెలిగి ఆరిపోయే బర్నరుకు అది అయ్యే పని కాదు. ఈ పనివాళ్లు ఇలా మిగిలిపోయిన హీటరును ‘అనాథ’ అంటారు. బాయిలరు మార్చిన రోజే మీకు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉండాల్సింది.

అలా పేరుకున్న నీరు మంచినీరు కాదు. పొగలోని వాయువులు కలిసి అది ఆమ్లమవుతుంది. దీని పీహెచ్ (7 కన్నా ఎంత తక్కువైతే అంత ఆమ్లం) 3 నుంచి 5 మధ్య ఉంటుంది. ఎనభై ఏళ్ల ఇల్లంటున్నారు కాబట్టి గ్యాసుకు ముందు ఆ చిమ్నీలో బొగ్గో, నూనో కాల్చి ఉంటారు. ఆ మసిలో గంధకం ఉంటుంది. నీరు దాన్ని కరిగించుకుని ఇటుకలో ఇంకి, ఇటుక ఆరినచోట ఉప్పుగా గడ్డకడుతుంది. మీ అటకలోని తెల్లపొడి అదే. ఇటుక పైపొర వెనక ఆ ఉప్పు పెరిగితే పెచ్చులూడతాయి. సందుల్లోని సిమెంటుతో ఆ గంధకపు ఉప్పులు, అంటే సల్ఫేట్లు, కలిస్తే గార ఉబ్బుతుంది. వాన ఎక్కువగా తగిలే వైపు ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి చిమ్నీ రెండో వైపుకి ఒరుగుతుంది. పాత ఇళ్ల మీద వంగిన చిమ్నీలు చూసే ఉంటారు. వాటిలో చాలావాటిని వంచింది ఈ ఉబ్బే. గోధుమరంగు మరకేమో కరిగిన మసి.

అయినా వాన పాత్ర అస్సలు లేదని నేను తేల్చి చెప్పలేను. ఒక నోటుపుస్తకంలో మరక ఎప్పుడు పెరిగిందో, ఆ వారం వాతావరణం ఎలా ఉందో రాసి పెట్టండి. వానలు లేని పొడి చలి రోజుల్లో మరక పాకితే నీరు లోపలిది. వాన పడిన మర్నాడే తడి కనిపిస్తే చిమ్నీ నెత్తిన ఉన్న సిమెంటు కప్పో, పైకప్పుతో కలిసేచోట బిగించే రేకులో కారుతున్నట్టు. చాలా పాత చిమ్నీల్లో రెండూ ఉంటాయి.

ఇప్పుడు మీ 8కి 12 లెక్క చూద్దాం. హుడ్ ఉన్న ఒక్క హీటరు కోసం గొట్టం అడ్డుకోత వైశాల్యం, హుడ్ పైనోటి వైశాల్యానికి ఏడు రెట్లు దాటకూడదని అమెరికా గ్యాస్ నియమావళి ఎన్‌ఎఫ్‌పీఏ 54 చెబుతుంది. మీ దేశపు నియమం వేరుగా ఉంటే అదే పాటించాలి. కానీ దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం ఎక్కడైనా ఒకటే. మీ హీటరు నోరు 4 అంగుళాలదైతే దాని వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాలు. ఏడుతో గుణిస్తే 88. మీ గొట్టం 8 పన్నెండ్లు 96. అంటే ముందే దాటిపోయింది. నోరు 3 అంగుళాలదైతే లెక్క 50 దగ్గరే ఆగిపోతుంది. పైగా మీ చిమ్నీ ఒక ముఖం బయటి చలికి ఆరుబయటే ఉంది కాబట్టి ఏడు రెట్లలోపు ఉన్నా నేను నమ్మేవాణ్ని కాదు. కాబట్టి లైనరు కావాలా వద్దా అన్నదాంట్లో సందేహం లేదు. ఇటుక బాగున్నా సరే, గొట్టాన్ని హీటరుకు తగినట్టు సన్నం చేయాల్సిందే.

వచ్చినవాళ్లు ముగ్గురూ ఏ సరుకు వేయాలన్న దగ్గర ఆగిపోయారు. ఎంత వ్యాసం అన్నది ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. హీటరు బీటీయూ (అది ఇచ్చే వేడి కొలత) ఎంత, చిమ్నీ ఎత్తు ఎంత, సెల్లార్‌లో అడ్డంగా పోయే పైపు పొడవెంత, ఎన్ని మలుపులు. ఈ నాలుగూ తీసుకుని గ్యాస్ నియమావళిలోని పట్టికలో చూసి తేల్చాల్సిన విషయమది. ముడతల లైనరు నున్నటి పైపంత సులువుగా పొగను పోనివ్వదు, అందుకే పట్టికలోని గరిష్ఠ సామర్థ్యంలో 20 శాతం తగ్గించి లెక్కవేయాలి. హీటరు నోటికన్నా లైనరు సన్నగా ఉండకూడదు. ‘ఎందుకైనా మంచిది, ఒక సైజు పెద్దది వేద్దాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇక్కడ పెద్దదే చెడ్డది, మీ జబ్బు మొదలైందే అక్కడ. లెక్క కాగితం చూపించమని అడగండి. చూపించలేని మనిషి చేతికి పని ఇవ్వకండి.

లోహం సంగతికొస్తే, అల్యూమినియాన్ని కొందరు ఈసడించుకుంటారు కానీ హుడ్ ఉన్న గ్యాసు హీటరుకు అది అనుమతి ఉన్న సరుకే. ఇంటి నడుమ వెచ్చగా ఉండే చిమ్నీ అయితే నేనూ ఒప్పుకునేవాణ్ని. దానికి రెండు బలహీనతలున్నాయి. మెత్తటిది కాబట్టి దింపేటప్పుడు గార గడ్డలకు గీసుకుని చిరుగుతుంది. రెండోది క్లోరిన్. హీటరు పక్కనే బట్టల బ్లీచు, రంగు తీసే ద్రావకాలు పెట్టుకుంటే వాటి ఆవిరి మంటలోకి పోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. అది అల్యూమినియాన్ని తొందరగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 అనే మామూలు రకాన్ని వదలదు. మీ సెల్లార్‌లో బట్టలుతికే యంత్రం హీటరు పక్కనే ఉంటే బ్లీచు సీసాను ఇవాళే వేరేచోటికి మార్చండి.

మీ చిమ్నీ బయటి గోడది, పైగా లోపల పగిలిన పెంకుల మొనలున్నాయి. అందుకని నా ఓటు 316ఎల్ స్టెయిన్‌లెస్‌కు. అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి క్లోరైడ్లను 304 కన్నా బాగా తట్టుకుంటుంది. దాని చుట్టూ ఇన్సులేషన్ దుప్పటి చుట్టించండి, లేదా లైనరుకూ ఇటుకకూ మధ్య ఖాళీలో వేడిని పోనివ్వని తేలిక ఖనిజం వర్మిక్యులైట్ కలిపిన మిశ్రమం పోయించండి. బయటి చిమ్నీకి ఇన్సులేషన్ లేని లైనరు వేయడమంటే చలిలో చొక్కా లేకుండా నిలబెట్టడమే.

సిమెంటు పోత మంచి పద్ధతే. గొట్టం లోపల గాలి నింపిన రబ్బరు సంచి నిలబెట్టి, చుట్టూ తేలిక సిమెంటు పోసి, గట్టిపడ్డాక సంచి తీసేస్తారు. లోపల ఇటుకలు ఊడి, గోడ డొల్లపడి, చిమ్నీకే బలం లేనప్పుడు అది గొట్టాన్నీ ఇస్తుంది, బలాన్నీ ఇస్తుంది. కట్టెల పొయ్యి ఉన్న పాత చిమ్నీలకు నేనే సిఫారసు చేసిన సందర్భాలున్నాయి. ఒక్క నీళ్ల హీటరు కోసమైతే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా అంత సిమెంటును కూడా ఆ చిన్న మంటే వేడెక్కించాలి.

సిలికాన్ మాట మాత్రం మరిచిపోండి. లోపలి నుంచి వస్తున్న నీటికి బయటి దారి మూసేస్తే ఇటుక ఆ నీటిని కడుపులోనే పెట్టుకుని, గడ్డకట్టే చలికి పగులుతుంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. వాన నీటిని ఆపి లోపలి ఆవిరిని పోనిచ్చే సైలేన్, సైలాక్సేన్ రకాలు వేరే ఉన్నాయి. వాటినైనా మరమ్మతంతా అయ్యి, ఇటుక ఆరాకే వేయించాలి.

లైనరు దింపే ముందు కొంత పనుంది. మొదట మసి పూర్తిగా దులిపించాలి. తడిసిన పాత మసిని అలాగే వదిలేసి పక్కన లైనరు పెడితే గంధకం అక్కడే ఉన్నట్టు. తర్వాత కెమెరా దింపి పైనుంచి కిందికి వీడియో తీయించి, ఆ వీడియో మీరు దగ్గర పెట్టుకోండి. ఆ గొట్టంలోకి పై అంతస్తు నుంచి మరచిపోయిన పాత రంధ్రమేదైనా తెరుచుకుంటోందా, పక్క గొట్టంతో మధ్యగోడ నిలిచే ఉందా అన్నది అందులోనే తేలుతుంది.

పైకప్పు మీద కనిపించే భాగం ఇటుకలు వదులైతే లైనరు కన్నా ముందు మేస్త్రీని ఎక్కించాలి. ఒక సంగతి మేస్త్రీకి గట్టిగా చెప్పండి: పాత మెత్తటి ఇటుకల సందుల్లో ఇప్పటి గట్టి సిమెంటు నింపొద్దు. గార ఇటుకకన్నా మెత్తగా ఉండాలి. చలికీ ఎండకీ కదలిక వచ్చినప్పుడు గార నలగాలి కానీ ఇటుక పగలకూడదు. సున్నం ఎక్కువ పాళ్లలో కలిపిన గారే దానికి సరైనది. పాత గారను పైపైన గీకి పూత పూస్తే రెండేళ్లకు ఊడి వస్తుంది. సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తవ్వి నింపాలి. నెత్తిన వేసే కప్పు గార పూత కాకుండా కాంక్రీటు పలకై ఉండాలి. అది చిమ్నీ ముఖం దాటి రెండంగుళాలు ముందుకొచ్చి, అడుగున నీరు తెగిపడే గాడితో ఉండాలి.

లైనరు వేసే రోజు దగ్గరుండి చూసుకోండి. ఒకచోట పని బాగాలేదని నన్ను పిలిస్తే వెళ్లాను. మంచి లైనరు, సరైన సైజు, అయినా హీటరు పొగ వెనక్కి వస్తోంది. చూస్తే లైనరు కింది కొస రాలిన చెత్తలో కూరుకుపోయి ఉంది. అంతకన్నా నవ్వొచ్చిందేమిటంటే, తీసేసిన బాయిలరు పైపు దూరే పెద్ద రంధ్రాన్ని పాత గోనెసంచితో కుక్కి వదిలేశారు. సెల్లార్ చల్లగాలి అందులోంచి పోయి లైనరు వీపును చల్లారుస్తోంది. మీ ఇంట్లో కూడా బాయిలరు రంధ్రం ఎలా మూశారో చూడండి. ఇటుకా గారా పెట్టి మూయాలి.

అడుగున టీ ఆకారపు ముక్క, దాని కింద విప్పి శుభ్రం చేసుకునే మూత ఉండాలి. లైనరు పైదాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే పొడవున రావాలి. హీటరు నుంచి చిమ్నీకి పోయే పైపు అడుగుకు కనీసం పావు అంగుళం చొప్పున ఎగువకు ఏటవాలుగా ఉండాలి, ప్రతి అతుకుకూ మూడేసి మరలు బిగించాలి. పైన మూతపలక, వాన గొడుగు ఉండాలి. చివరగా, ఈ గొట్టం గ్యాసుకే పరిమితమని రాసిన పలక పైపు కలిసేచోట అంటించమనండి. రేపు ఇల్లు కొన్నవాళ్లెవరో ఆ చిమ్నీ చూసి కట్టెల పొయ్యి తగిలిస్తే కష్టం. పనయ్యాక అగరొత్తి పరీక్ష మళ్లీ చేయండి. పనివాళ్లు ఇంట్లో ఉండగానే.

ఇంత చెప్పాక, లైనరు వేసేవాళ్లెవరూ చెప్పని మాటొకటి చెప్పాలి. మీ హీటరు వయసెంత? ఒంటి మీదున్న పలకలో తయారీ తేదీ ఉంటుంది. ట్యాంకు హీటర్లు పది, పన్నెండేళ్లు దాటితే చాలావరకు చివరి రోజుల్లో ఉన్నట్టే. మీది ఆ వయసుకొస్తే దాని కోసం చిమ్నీ మొత్తం సరిచేయించడం నాకైతే సబబుగా తోచదు. ఫ్యానుతో పొగను పక్క గోడలోంచి బయటికి నెట్టే గ్యాస్ హీటరో, పొగే లేని విద్యుత్తు హీట్ పంపు హీటరో తెచ్చుకుంటే చిమ్నీకి ఇక పనే ఉండదు. అప్పుడు పైన వాన మూత పెట్టించి, కింద కొద్దిగా గాలి ఆడే జాలీ ఉంచి, ఇటుకను ఆరనివ్వడమే మిగులుతుంది. ఆ ఫ్యాను హీటరు పైపును మాత్రం పాత చిమ్నీలోకి కలపకూడదు. ఇక హీటరు నాలుగైదేళ్లదే అయితే స్టెయిన్‌లెస్ మాట చెప్పిన మనిషికే ఫోన్ చేసి, 316ఎల్ వేస్తారా అని, వ్యాసం లెక్క ఏమిటని అడగండి.

అటకలోని తెల్లపొడిని నీళ్లతో కడగకండి, ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులపండి. నీరు ఆగిపోయాక కూడా లోపలి తడి ఆరేదాకా ఒక చలికాలం పాటు ఆ పొడి వస్తూనే ఉంటుంది, దాన్ని చూసి పని చెడిందని కంగారుపడకండి. పైగది గోడకు రంగు కూడా అప్పటిదాకా ఆపండి. ఆ గోధుమ మరక మామూలు రంగులోంచి పైకి తేలిపోతుంది. గోడ ఎండాక, మరక పైకి రాకుండా ఆపే షెల్లాక్ (లక్కతో చేసిన) ప్రైమరు ఒక కోటు కొట్టి, ఆపైన మీకు నచ్చిన రంగు వేయించుకోండి.